97 మోడల్ మారుతి 800: మీటర్ ముళ్ళు ఇష్టమొచ్చినట్టు ఆడతా ఉండాయి, కింద ఆయిల్ కారతా ఉంది, ముందు ఏది పట్టుకోవాల?

కట్టమంచి_800 రాసింది:

అందరికీ నమస్తే అన్నా. మాది చిత్తూరు. మా నాయన 1997లో కొన్న మారుతి 800 ఉంది, కార్బురేటర్ బండి, ఏపీ 03 నంబరు, మా ఇంటికి వచ్చిన మొదటి కారు అదే. నాయన పోయి రెండేళ్ళయింది, అప్పట్నించి షెడ్డులోనే ఉండె. మూణ్ణెల్ల కిందట నేను బయటికి తీసి బ్యాటరీ, టైర్లు, పెట్రోల్ పైపులు మార్చి తిప్పతా ఉండాను. రీ రిజిస్ట్రేషన్ నాయన ఉన్నప్పుడే చేయించినాడు, 2027 దాకా ఉంది, కాబట్టి కాగితాల బాధ లేదు.

బండి లాగడం బాగానే లాగుతుంది. సమస్య ఏందంటే పెట్రోల్ ముల్లు ట్యాంకు ఫుల్ చేసినా సగం దగ్గరే నిలబడుతుంది, టెంపరేచర్ ముల్లు మామూలుగా మధ్యలో ఉంటుంది కానీ హెడ్‌లైట్ వేస్తే పైకి పోతుంది, ఆపితే మళ్ళీ కిందికి, మొదటిసారి చూసి ఇంజన్ వేడెక్కిందేమో అని పూతలపట్టు దగ్గర పక్కన ఆపేసినా, బానెట్ ఎత్తి చూస్తే ఏం లేదు. స్పీడ్ ముల్లు 40 దాటితే వణుకుతుంది, లోపల కిర్ కిర్ అని శబ్దం. ఇవి కాక పోయిన వారం దామలచెరువు మండీ కాడ మామిడికాయల ట్రాక్టర్ల వెనక అరగంట ఆగాల్సి వచ్చింది, ఇంజన్ బాగా వేడి మీద ఉండి ఐడిల్‌లో ఆయిల్ లైట్ (ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగేది) మినుకుమినుకుమన్నాది. కొంచెం యాక్సిలేటర్ ఇస్తే పోతుంది. డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ సరిగ్గానే ఉంది.

ఇంక లీకు. రాత్రి పెట్టి పొద్దున చూస్తే కింద రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు మూడు. గేటు ముందర అమ్మ ముగ్గేసే చోటే పడతా ఉంది, కడిగినా పోదు, అమ్మ ఏమీ అనదు గానీ ముగ్గు కొంచెం పక్కకి జరిపి వేస్తా ఉంది, అది చూస్తే నాకే కష్టంగా ఉంది.

ఇక్కడ ఒక షెడ్డులో చూపిస్తే గేర్ బాక్స్ దించాల, వెనక క్రాంక్ సీల్ (ఇంజన్ షాఫ్ట్ చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) పోయింది, ఎట్లాగూ దించినాం కాబట్టి క్లచ్ ప్లేటు కూడా మార్చేద్దాం, మొత్తం 7,000 అవుతుంది అన్నారు. మీటర్లకి ఇంకో చోట అడిగితే బోర్డు మొత్తం తీసేసి సెకండ్ హ్యాండ్‌ది వేస్తాం, 3,500 అన్నారు. డబ్బులు పెట్టడానికి నాకు బాధ లేదు. కానీ ఆ మీటర్‌లో ఉండే 86,412 కిలోమీటర్లు మా నాయన తిప్పినవి, బోర్డు మారిస్తే ఆ నంబరు పోతుంది కదా, అందుకే చెయ్యి రావడం లేదు. తెలిసినోళ్ళు దారి చెప్పండి అన్నా.

రేణిగుంటరోడ్_వైరింగ్ రాసింది:

తమ్ముడూ, బోర్డు మార్చొద్దు, ఆగు. ఇరవై ఏండ్లుగా కార్ల వైరింగ్ పనే చేస్తా ఉండా, హెడ్‌లైట్ వేస్తే టెంపరేచర్ ముల్లు కదిలిందంటే నూటికి తొంభై ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగిపోయే దారి) గొడవే. మీటర్ బోర్డులో ముళ్ళకీ, లోపల వెలిగే చిన్న బల్బులకీ ఎర్త్ ఒకటే, ఆ ఎర్త్ తుప్పు పట్టి సరిగా పట్టకపోతే బల్బుల కరెంటు దారి దొరక్క ముళ్ళ మీద పడుతుంది, అప్పుడు ముల్లు చూపించేది ఇంజన్ వేడిని కాదు. రెండేళ్ళు షెడ్డులో పెట్టినావు, అది కూడా వానాకాలాలు దాటింది, బోల్టు కింద పచ్చగా పట్టి ఉంటుంది చూడు.

ముందు బ్యాటరీ నెగిటివ్ తీసేయ్. బోర్డు స్క్రూలు విప్పి కొంచెం ముందుకి లాగితే వెనక స్పీడో కేబుల్ ఉంటుంది, దాని క్లిప్పు నొక్కి లాగాల, బలంగా గుంజితే క్లిప్పు విరుగుతుంది, పాత ప్లాస్టిక్ కదా. కప్లర్లు (వైర్లు తగిలించే ప్లగ్గులు) తీసి బోర్డు వెనక్కి తిప్పు. కాగితంలాంటి షీటు మీద రాగి గీతలు కనిపిస్తాయి, ముళ్ళకి పోయే చిన్న నట్లు ఆ షీటు మీదనే ఉంటాయి. ఆ నట్లు చాలా బండ్లలో వదులై ఉంటాయి, నిదానంగా బిగించు. రాగి గీతలు నల్లగా ఉంటే పిల్లోళ్ళు వాడే పెన్సిల్ రబ్బరుతో రుద్దు, ఉప్పుకాగితం మాత్రం వాడొద్దు, ఆ రాగి పొర చాలా పల్చన, లేచిపోతుంది. తర్వాత బోర్డు ఎర్త్ వైరు బాడీకి ఎక్కడ బిగిస్తారో అక్కడ పెయింటు గీకి ఇనుము మెరిసేదాకా రుద్ది మళ్ళీ బిగించు. ఇది చేసి లైట్ వేసి చూడు. ఖర్చు లేదు, ఒక సాయంత్రం పని.

దాని తర్వాత కూడా పెట్రోల్ ముల్లు సగంలోనే ఉంటే అప్పుడు ముల్లు తప్పా, ట్యాంకులో పెట్రోల్ మట్టం కొలిచే ఫ్లోట్ తప్పా తేల్చుకోవాల. ఫ్లోట్‌కి పోయే కప్లర్ తీసి, మీటర్ బోర్డులో వేసే చిన్న బల్బు, 3.4 వాట్లది, దాన్ని మధ్యలో పెట్టి మీటర్ వైపు వైరుని ఎర్త్‌కి తగిలించు. నేరుగా వైరుతో తగిలించొద్దు, ముల్లు కాలిపోయే అవకాశం ఉంది. బల్బు వెలిగి ముల్లు లేస్తే మీటర్ మంచిది, లోపం ఫ్లోట్‌ది. ముల్లు కదలకపోతే మీటర్‌దే తప్పు. ఫ్లోట్ వైపు మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూడు, బంకులో ఐదు లీటర్లు కొట్టించి మళ్ళీ చూడు, నంబరు మారిందంటే ఫ్లోట్ పని చేస్తా ఉన్నట్టే. ట్యాంకు దగ్గర పని చేసేటప్పుడు నిప్పురవ్వ రాకూడదు, బంకు లోపల ఈ పనులు పెట్టుకోవద్దు, బయటికి వచ్చి ఆరుబయట చెయ్యి.

స్పీడ్ ముల్లు వణకడం మీటర్ తప్పు కాదు, కేబుల్ ఎండిపోయింది. లోపలి వైరు బయటికి లాగి పెట్రోల్‌తో తుడిచి, కింది వైపు మూడింట రెండు వంతులు మాత్రమే పల్చగా గ్రీజు పూసి ఎక్కించు. పై భాగానికి పూయొద్దు, గ్రీజు ఎగబాకి మీటర్ లోపలికి పోతే ముల్లు ఇంకా పాడవుతుంది. వైరు ఎక్కడైనా పోగులు లేచి ఉంటే కేబుల్ కొత్తది వేసేయ్.

పాకాల_పాతబండి రాసింది:

మీటర్ సంగతి పైన అన్న బాగా చెప్పినాడు, నేను లీకు గురించి చెప్తా, ఎందుకంటే అచ్చం ఇదే మాట నాకూ చెప్పినారు. నాది 1995 బండి. గేర్ బాక్స్ దించాల, క్రాంక్ సీల్ అన్నారు, దించినారు, సీల్ వేసినారు, 6,000 పైన అయింది, వారం తిరక్కముందే మళ్ళీ అదే చోట ఆయిల్. తర్వాత తిరుపతిలో ఒక పెద్దాయన బానెట్ ఎత్తి టార్చి వేసి ఒక్క నిమిషం చూసినాడు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) కింద ఓ రింగ్, అంటే ఆయిల్ ఆపే రబ్బరు రింగు. అంతే.

ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ హెడ్డు (ఇంజన్ పై భాగం) చివర, గేర్ బాక్స్ వైపు ఉంటుంది, క్యామ్ షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది. ఆ ఓ రింగ్ వేడికి ఎండి గాజు మాదిరి గట్టిపడుతుంది, అక్కడ్నించి ఆయిల్ సన్నగా హెడ్డు వెనకనించి జారి సరిగ్గా బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య ఉండే డొప్ప) మీద పడి కిందికొచ్చి చుక్కగా రాలుతుంది. కిందనించి చూసేవాడికి క్రాంక్ సీల్ మాదిరే కనిపిస్తుంది. ఆయిల్ ఎప్పుడూ పైనించి కిందికి వస్తుంది, బండి పోయేటప్పుడు గాలికి వెనక్కి కూడా పోతుంది, కాబట్టి తడి ఉన్న చోట కాదు, తడి మొదలైన చోట చూడాల, అన్నిటికన్నా పైన ఏది తడిగా ఉందో అదీ.

ఇట్లా చెయ్యి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిస్ట్రిబ్యూటర్‌కీ కార్బురేటర్ నోటికీ ప్లాస్టిక్ కవర్ కట్టి, డీజిల్ బ్రష్‌తో మొత్తం జిడ్డు కడిగి, నీళ్ళు కొట్టి, బాగా ఆరబెట్టు. ఆరినాక ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) చుట్టూ, డిస్ట్రిబ్యూటర్ కింద, ఫ్యూయల్ పంపు దగ్గర, ఆయిల్ స్విచ్ (ఆయిల్ లైట్‌ని వెలిగించేది) దగ్గర, కింద ఆయిల్ ఛాంబర్ అంచుకి మొహానికి పూసుకునే పౌడర్ చల్లు. ఇంజన్ స్టార్ట్ చేసి పావుగంట ఐడిల్‌లో పెట్టి, ఒక చుట్టు కాణిపాకం దాకా పోయి రా. తెల్ల పౌడర్ మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైతే అదే లీకు, వాదన ఉండదు. రాత్రి కింద అట్టపెట్టె విప్పి పరుచు, ముందు చక్రాలు ఎక్కడ ఆగినాయో గీత పెట్టుకో, చుక్క టైమింగ్ బెల్ట్ (క్యామ్ షాఫ్ట్‌ని తిప్పే పళ్ళ బెల్ట్) వైపు పడిందా, గేర్ బాక్స్ వైపు పడిందా పొద్దున తెలుస్తుంది.

ఇంకొకటి, ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కి పోయే బ్రీదర్ పైపు తీసి ఊది చూడు. రెండేళ్ళు నిలబెట్టిన బండి, లోపల జిగురు కట్టి ఉంటుంది, పురుగులు మన్ను కూడా పెడతాయి. అది మూసుకుంటే ఇంజన్ లోపల గాలి పోయే దారి లేక సీళ్ళ మీద పడి ఆయిల్‌ని బయటికి తోస్తుంది, అప్పుడు ఎన్ని సీళ్ళు మార్చినా నిలబడవు.

మదనపల్లి_రైడర్ రాసింది:

బ్రో ఇంత కష్టం ఎందుకు, 20డబ్ల్యూ50 చిక్కటి ఆయిల్ పోసేయ్, లీకూ తగ్గుతుంది ఆయిల్ లైటూ ఆగుతుంది. డ్యాష్ మీద ఒక మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజి పర్మనెంట్‌గా పెట్టుకో, చూడ్డానికి కూడా బాగుంటుంది. నేను పెట్టినా.

రేణిగుంటరోడ్_వైరింగ్ రాసింది:

తమ్ముడూ తప్పుగా అనుకోవద్దు, గేజి పెట్టి కొలవడం మంచిదే, నేను కూడా అదే చెప్పబోతా ఉండా, కానీ పర్మనెంట్‌గా డ్యాష్ మీద మెకానికల్‌ది వద్దు. ఆ గేజికి ఇంజన్ నుంచి సన్న పైపులో వేడి ఆయిల్ నేరుగా క్యాబిన్ లోపలికి వస్తుంది, పైపు రాసుకుని తెగిందంటే డ్రైవర్ కాళ్ళ మీద మరిగే ఆయిల్ పడుతుంది. ఒకాయన కాలు బొబ్బలెక్కి రావడం నా కళ్ళతో చూసినా. డ్యాష్ మీద కావాలంటే ఎలక్ట్రికల్ గేజి, దానికి విడిగా ఫ్యూజు వేసి పెట్టుకోవాల.

ఆయిల్ లైట్‌కి ముందు కొలత కావాల. ఆయిల్ స్విచ్ తీసి ఆ తొర్రలో షెడ్డు వాళ్ళ దగ్గర ఉండే గేజి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కినాక ఐడిల్‌లో ఎంత ఉంది, రేజ్ చేస్తే ఎంత ఉంది చూడాల, చూసి తీసేయాల. ప్రెషర్ బాగుంటే తప్పు స్విచ్‌ది. లేకపోతే బేరింగులు, ఆయిల్ పంపు, అది వేరే కథ. చిక్కటి ఆయిల్ పోసి లైట్ ఆపితే రోగం తెలీకుండా పోతుంది, అంతకు మించి ఏం లేదు. ఒకటి గుర్తు పెట్టుకో, ఐడిల్‌లో మినుకుమంటే ఇంటికి తెచ్చుకోవచ్చు, పోతా ఉన్నప్పుడు ఆ లైట్ నిలకడగా వెలిగిందంటే మాత్రం ఒక్క ఫర్లాంగు కూడా పోవద్దు, అక్కడికక్కడే ఇంజన్ ఆపేయ్. ఐడిల్ కూడా చూపించు, కార్బురేటర్ బండ్లలో ఐడిల్ మరీ తగ్గించి పెట్టినా వేడి మీద లైట్ వస్తుంది.

కట్టమంచి_800 రాసింది:

అన్నలిద్దరికీ చాలా థాంక్స్. శని ఆదివారాలు రెండు రోజులూ దాని మీదే కూర్చున్నా.

ఎర్త్ బోల్టు విప్పితే కింద పచ్చగా, గోరుతో గీకితే పొడి రాలింది. షీటు మీద నట్లు రెండు వేళ్ళతో తిరిగినాయి. అన్నీ శుభ్రం చేసి బిగించి హెడ్‌లైట్ వేస్తే టెంపరేచర్ ముల్లు కదల్లేదు. నాలుగైదు సార్లు వేసి ఆపి వేసి ఆపి చూసినా, కదల్లేదు. పెట్రోల్ ముల్లు మాత్రం అట్లే సగంలో ఉంది. బల్బు పెట్టి చూసినా, బల్బు కూడా వెలగలేదు, ముల్లు కదల్లేదు. ఫ్లోట్ వైపు ఓమ్స్ పెట్రోల్ పోస్తే తగ్గుతా ఉన్నాయి. అంటే మీటరే పోయినట్టు కదా అన్నా?

లీకు: పౌడర్ చల్లి కాణిపాకం పోయి వచ్చినా. డిస్ట్రిబ్యూటర్ కింద సగం వేలంత గీత, అక్కడ్నించి కింద బెల్ హౌసింగ్ దాకా నల్లగా. పాకాల అన్న చెప్పిందే. ఇంకొక చోట కూడా ఉంది, ఆయిల్ స్విచ్ వైరు తగిలించే పిన్ను చుట్టూ తడి, వైరు రబ్బరు టోపీ లోపల ఆయిల్ నిండి ఉంది. ట్యాపెట్ కవర్ చుట్టూ పౌడర్ తెల్లగానే ఉంది. బ్రీదర్ పైపు ఊదితే గాలి పోలేదు, చువ్వ పెట్టి తీస్తే మన్ను గూడు బయట పడింది.

పాకాల_పాతబండి రాసింది:

చూసినావా, 7,000 పని ఎక్కడికొచ్చిందో. స్విచ్ పిన్ను చుట్టూ ఆయిల్ ఉందంటే లోపల పొర చిరిగింది, లైట్ మినుకుమనడం కూడా దాని వల్లే అయ్యుండచ్చు, అయినా ప్రెషర్ కొలిపించు, ఎట్లాగూ స్విచ్ తీస్తావు కదా.

డిస్ట్రిబ్యూటర్ తీసేటప్పుడు తొందరపడొద్దు. క్యాప్ తీసి రోటర్ (లోపల తిరిగే ముక్క) ఎటు చూస్తా ఉందో ఫోటో తీసుకో, డిస్ట్రిబ్యూటర్ బాడీ మీదా కింద బేస్ మీదా కలిపి ఒక గీత గీయి, బండి కదపొద్దు, గేర్లో తోయొద్దు. బోల్టు విప్పి లాగితే గేరు వంకర పళ్ళది కాబట్టి రోటర్ కొంచెం తిరుగుతా బయటికొస్తుంది, ఎంత తిరిగిందో చూసుకుని పెట్టేటప్పుడు అంత ముందుగా పెడితే సరిగ్గా గీతకి కూర్చుంటుంది. పాత ఓ రింగ్ గోరు పెడితే విరుగుతుంది, దాన్ని తీసుకునిపోయి సైజు పోల్చి తెచ్చుకో. కొత్తదానికి ఇంజన్ ఆయిల్ పూసి ఎక్కించు, సిలికాన్ పేస్టు పూయొద్దు, ఎక్కువైన పేస్టు లోపల ఊడి ఆయిల్ దారిలో పడుతుంది. క్యాప్ లోపల కూడా ఆయిల్ ఉంటే లోపలి సీల్ కూడా పోయిందని అర్థం, అది ఓ రింగ్‌తో పోదు. చివర్లో ప్లగ్గు మంట సరైన సమయానికి వస్తా ఉందో చూపించే టైమింగ్ లైట్ పెట్టించి సెట్ చేయించు, చెవితో విని సరే అనుకోవద్దు.

ఇంకో మాట, రెండేళ్ళు నిలబడిన బండి, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చినారో బిల్లు ఉందా? లేకపోతే ఆ కవర్ తీసి క్యామ్ సీల్ దగ్గర కూడా ఒకసారి చూడు. అక్కడ ఆయిల్ కారి బెల్ట్ మీద పడితే రబ్బరు ఉబ్బి పళ్ళు ఊడతాయి.

రేణిగుంటరోడ్_వైరింగ్ రాసింది:

బల్బు కూడా వెలగలేదంటే మీటర్‌లోనే తెగింది, లేదంటే దానికి కరెంటు రావడం లేదు. టెంపరేచర్ ముల్లు పని చేస్తా ఉంది కాబట్టి కరెంటు బోర్డు దాకా వస్తా ఉన్నట్టే. ఆ పెట్రోల్ మీటర్ రెండు నట్ల మధ్య ఓమ్స్ చూడు, ఏమీ చూపించకపోతే లోపల చుట్ట తెగింది.

బోర్డు మొత్తం మార్చే పని లేదు తమ్ముడూ. చెన్నైలో పాత కార్ల పార్టులు అమ్మే పుదుపేటలో పాత 800 బోర్డు ఒకటి దొరికించుకో, నీదే మోడల్ కార్బురేటర్ బండిది, కప్లర్ పిన్నులు నీ దాంతో పోల్చి చూసుకో. అక్కడే బ్యాటరీ తగిలించి ముల్లు లేస్తుందో లేదో చూపించమని అడుగు, చూపిస్తారు. దాన్నించి పెట్రోల్ మీటర్ ఒక్కటి విప్పి నీ బోర్డులో పెట్టు. ముల్లుని వేలితో తోయొద్దు, అద్దం తీసినాక వేలిముద్ర కూడా పడనీయొద్దు, తుడిస్తే ప్రింటు పోతుంది. స్పీడో మీటర్ నీదే ఉంటుంది, మీ నాయన కిలోమీటర్లు ఎక్కడికీ పోవు. ఒకవేళ ఎవరైనా స్పీడో మార్చాల్సి వస్తే పాత రీడింగు, తేదీ బిల్లు మీద రాయించి పెట్టుకోవాల, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడికి అది చూపించాల్సిన బాధ్యత ఉంది.

కట్టమంచి_800 రాసింది:

ఆలస్యంగా రాస్తా ఉండా, క్షమించండి.

చుట్ట తెగిందే, మల్టీమీటర్ ఏమీ చూపించలేదు. పుదుపేటలో నాలుగు కొట్లు తిరిగితే ఒక చోట దొరికింది, బోర్డు 900 చెప్పి 650కి ఇచ్చినాడు, బ్యాటరీ పెట్టి చూపించినాడు కూడా. ఇంటికి తెచ్చి టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టుకుని మార్చినా. నాయన బోర్డు అద్దం లోపల అంచున కుంకుమ పొడి ఉంది, పూజ చేసినప్పుడల్లా స్టీరింగ్ మీద బొట్టు పెట్టేవాడు, అదెట్లా లోపలికి పోయిందో తెలీదు. దాన్ని తుడవలేదు, అట్లే వదిలేసినా. ఇప్పుడు 28 లీటర్ల ట్యాంకు ఫుల్ చేస్తే ముల్లు ఎఫ్ దాటి నిలబడతా ఉంది.

ప్రెషర్ షెడ్డులో కొలిపించినా, వేడి మీద ఐడిల్‌లో 1 కేజీ పైన, రేజ్ చేస్తే 3 దాటింది, బేరింగులు బాగున్నాయి అన్నాడు. కొత్త ఆయిల్ స్విచ్ వేసినా. ఓ రింగ్ తీసేటప్పుడు నిజంగానే గోటికి రెండు ముక్కలయింది, కొత్తది 30 రూపాయలు. టైమింగ్ లైట్ పెట్టించినా, కేబుల్ లోపల పోగులు లేచి ఉన్నాయి కాబట్టి కేబుల్ కొత్తది. ఆయిలూ ఫిల్టరూ మార్చి 20డబ్ల్యూ40 పోసినా, మూడు లీటర్లు పూర్తిగా పట్టలేదు. పదకొండు రోజులుగా అట్ట పరుస్తా ఉండా, మొదటి రెండు రోజులు చిన్న చుక్క పడింది, అది పాత జిడ్డు అనుకుంటా, తర్వాత ఏం లేదు.

టైమింగ్ బెల్ట్ బిల్లు నాయన డైరీలో వెతికినా, 2011లో మార్చినట్టు రాసి ఉంది, తర్వాత లేదు.

పాకాల_పాతబండి రాసింది:

2011 అంటే కిలోమీటర్లు ఎన్ని తిరిగినా సరే, రబ్బరుకి వయసు అయిపోయింది. బెల్ట్ మార్చేదాకా చిత్తూరు దాటి పోవద్దు, మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ అసలు ఎక్కొద్దు. బెల్ట్, టెన్షనర్ బేరింగ్, క్యామ్ సీల్, ముందు క్రాంక్ సీల్ నాలుగూ ఒకేసారి వేయించు, కవర్ మళ్ళీ మళ్ళీ తీసే పని ఉండదు. వేసేటప్పుడు నువ్వు దగ్గర నిలబడు, మార్కులు కలిపినాక చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్ళీ కలుస్తా ఉన్నాయో చూసినాకే సెల్ఫ్ కొట్టమను.

కట్టమంచి_800 రాసింది:

సరే అన్నా, పార్టులకి ఈరోజే ఆర్డర్ ఇచ్చినా, బుధవారం వస్తాయంట. అంతదాకా షెడ్డులోనే పెడతా. మొన్న శుక్రవారం పొద్దున అమ్మ మళ్ళీ పాత చోటే ముగ్గేసింది, చుక్కల ముగ్గు, గేటు మధ్యలో.